విలువిద్యకు తొలిపాఠములు: పూర్వులు నేర్పిన తీరు



బాల్యమున అమరకోశము వల్లించినవారికి ద్వితీయకాండలోని క్షత్రియవర్గము జ్ఞప్తియం దుండకపోదు. అందు వింటికి గల పేర్లు, నారికి గల పేర్లు, వింటికొనలకు గల పేర్లు, విల్లు పట్టుకొను నడిమిచోటికి గల పేరు, విలుకాడు నిలుచు అయిదు విధముల నిలుకడలు, అన్నియు వరుసగా వచ్చును. నేను తొమ్మిదవ యేట వానిని కంఠస్థము చేసితిని. పిమ్మట తెలుగు పండితుడనై ముప్పదినాలుగేండ్లు బడిలో పనిచేసినంతకాలము ఆసక్తిగల పిల్లలచేత చేయించితిని. 'గోధ' యనగా నేమని యడిగినచో, నారి దెబ్బ తగులకుండ ముంజేతికి కట్టుకొను తోలుపట్టె యని తడుముకొనక చెప్పుదును. ఆ దెబ్బ యెట్లుండునో మాత్రము అఱువదిమూడవ యేట గాని నాకు తెలియలేదు.

అది యిట్లు జరిగినది. 2023వ సంవత్సరమున చైనా దేశమందలి హాంగ్‌ఝౌలో జరిగిన ఆసియా క్రీడలలో మన విజయవాడ ఆడపడుచు వెన్నం జ్యోతిసురేఖ కాంపౌండు విల్లుతో మూడు స్వర్ణపతకములు గెలిచినది. ఆ వార్త విన్న నాటినుండి నా మనుమరాలు తానును విల్లు పట్టుదునని పట్టుపట్టినది. ఆ పిల్లను దినదినము మైదానమునకు తోడుకొనిపోవుట నా పని యైనది. ఒకనాడు అచ్చటి గురువు, వయస్సులో నా శిష్యులకు శిష్యుడు కాదగినవాడు, నవ్వుచు "తాతగారూ, మీరు కూడ ఒకసారి లాగి చూడండి" అని విల్లు చేతి కిచ్చెను. లాగితిని, వదలితిని. నారి వచ్చి నా యెడమ ముంజేతిని చఱచెను. చేయి వారము దినములు నల్లగా కమిలియుండెను. నాడు రాత్రి అమరకోశము తెఱచి ఆ పంక్తిని మరల చదువుకొంటిని. అర్థమెఱిగి చదువుట అదియే మొదటిసారి.

ఈ వ్యాసము ఆ దెబ్బవలన పుట్టినది. క్రొత్తగా విల్లుపట్టువానికి మన పూర్వులు ఏమి నేర్పిరి, ఏది ముందు నేర్పిరి, ఏది వెనుక నేర్పిరి, ఎవరికి నేర్పిరి, ఎవరిని వాకిటనే నిలిపిరి అను విషయమును నాకు తెలిసినంత మేరకు మీ ముందుంచెదను. మన సభలలో విల్లు కొత్తది కాదు. ఊరేగింపు బండిమీద పూలతో కట్టిన విల్లు ప్రతి సంవత్సరమును చూచుచునే యున్నాము. లాగుటకు వీలగు విల్లు మాత్రము మనలో ఎందరి యిండ్లలో నున్నదో నేను చెప్పనక్కరలేదు.

విలువిద్య యనగానే మనకు తోచు కథ ద్రోణుడు పెట్టిన పరీక్ష. చెట్టుకొమ్మపై శిల్పులు చేసిన పక్షి. ధర్మరాజునకు చెట్టు, తమ్ములు, గురువు అందఱును కనబడుట. అర్జునునకు పక్షి తల తప్ప మఱేదియు కనబడకుండుట. నన్నయభట్టారకుని యాదిపర్వము చదివిన వారికిని చదువని వారికిని ఈ కథ తెలిసినదే. దీనిని చెప్పుచు మనము పిల్లలతో "గురి చూచుటయే విలువిద్య" అందుము. నేనును అట్లే చెప్పితిని. కాని కథను జాగ్రత్తగా చూడుడు. అది రాజకుమారుల చదువు ముగిసిన పిమ్మట పెట్టిన పరీక్ష. తొలిపాఠము కాదు. తొలిపాఠములు ఏవియో తెలియగోరినచో ఇతిహాసమును విడిచి శాస్త్రగ్రంథములకు పోవలెను.

అట్టి గ్రంథములు మనకు కొన్ని దక్కినవి. అగ్నిపురాణమున ధనుర్వేదమునకు నాలుగు అధ్యాయములు కలవు. వసిష్ఠుని పేర వెలసిన ధనుర్వేదసంహిత వేఱుగా కలదు. 1363లో కూర్పబడిన శార్ఙ్గధరపద్ధతి యను సుభాషితసంగ్రహములో సైతము ధనుర్వేదభాగ మొకటి చేరినది. సుభాషితములను కోరి తెఱచినవానికి నడుమ విల్లు, నారి, అమ్ము, ములికి యెదురగుట వింతగా నుండును గాని, ఆనాటి చదువరికి అదియు అవసరమైన విద్యయే. ఈ గ్రంథములన్నియు ఒకదానినుండి యొకటి శ్లోకములు తీసికొన్నవి. కావున వీనిలోని మాట ఒక్క గురువు మాట కాదు. తరతరముల మైదానములలో అరిగి నునుపెక్కిన మాట.

వీనియందు గురిని గూర్చిన ప్రసంగము మొదట రాదు. మొదట విల్లు. ఎట్టి విల్లు? విలుకాని బలమునకు తగినది, వీలైన కొంచెము తక్కువది. తన బలమును మించిన వింటితో పెనుగులాడువానికి కన్ను వింటిమీదనే యుండును గాని గుఱుతుమీదికి పోదని వసిష్ఠసంహిత అభిప్రాయము. చూచుటకు చిన్నమాట. కాని నేటికిని మైదానమున క్రొత్తగా వచ్చు పడుచువాండ్రు చేయు తప్పు ఇదియే. పెద్ద విల్లు లాగిననే మగతన మనుకొందురు. భుజము పట్టుకొన్న తరువాత నెలదినములు ఇంట కూర్చుందురు. శివధనుర్భంగము కథ విని పెరిగిన జాతికి ఈ మాట నేర్పుట కష్టమే.

వింటికి వెదురు మేలు. మిక్కిలి ముదిరినదియు పనికిరాదు, పచ్చిదియు పనికిరాదు. కణుపులు మూడు, అయిదు, ఏడు ఇట్లు బేసిగా నుండవలెను. తొమ్మిది కణుపుల వింటికి కోదండమని పేరు. నాలుగు మూరల పొడవు మనుష్యుల విల్లు. ఈ నాలుగు మూరలనే 'ధనువు' అను కొలతగా మన పూర్వులు నేలను కొలుచుటకును వాడిరి. ఈ కొలత ముందు మరల అక్కఱకు వచ్చును.

విల్లు తరువాత కాళ్ళు. ఇది నన్ను మిక్కిలి ఆకర్షించిన విషయము. చేతితో చేయు విద్యకు పాఠము పాదములనుండి మొదలగును. పాదములు రెండును కలిపి కదలక నిలుచుట సమపదము. మూరెడు ఎడముగా సమముగా నిలుచుట విశాఖము. ఒక కాలు ముందునకు చాచి రెండవది వంచి, రెండు మూరల యెడముతో నిలుచుట ఆలీఢము. దానిని త్రిప్పినచో ప్రత్యాలీఢము. ఇంకను దర్దురక్రమమని, గరుడక్రమమని, పద్మాసనమని వసిష్ఠసంహిత మొత్తము ఎనిమిది చెప్పును. అగ్నిపురాణము జేనల లెక్కతో ఎడములను కొలిచి మఱికొన్ని చేర్చును. కాళిదాసు రఘువంశమున రఘువు ఇంద్రునితో పోరునపుడు ఈ ఆలీఢ శబ్దమును వాడినాడు. మేము చదువుకొన్నపుడు దానిని అలంకారముగా భావించి దాటిపోతిమి. ఆయనకు అది కంటితో చూచిన నిలుకడ.

నా మనుమరాలికి మొదటి పది దినములు నేర్పినది నిలుచుటయే. గీతకు అటు ఒక పాదము, ఇటు ఒక పాదము, భుజముల వెడల్పున ఎడము. నేను మూరతో కొలిచి చూచితిని. విశాఖస్థానమునకు దాదాపు సరిపోయినది. ఆ గురువు ధనుర్వేదమును పేరుకైనను చదివినవాడు కాడు. శరీరమొకటే గనుక ఇరువురును ఒక్కచోటికే చేరిరని నేననుకొందును.

నిలుకడ తప్పినచో ఏమగునో చరిత్రలో పెద్ద సాక్ష్య మొకటి కలదు. అలెగ్జాండరు వెంట వచ్చిన నియార్కసు చెప్పినదానిని బట్టి అరియన్ అను గ్రీకు చరిత్రకారుడు భారతీయుల విల్లు నిలువెత్తు ఉండెననియు, కాల్బలము దానిని నేలకు ఆనించి యెడమ పాదముతో అదిమి నారిని చాల దూరము లాగెడివారనియు, ఆ బాణమును డాలు గాని కవచము గాని ఆపజాలకుండెననియు వ్రాసెను. క్రీ.పూ. 326లో వితస్తానది యొడ్డున పురుషోత్తముని సేన నిలిచిన నాడు వాన కురిసి నేల జాఱుచుండుటచేత విల్లానించుటకు వీలుపడలేదని మఱియొక చరిత్రకారుడగు కర్టియసు చెప్పును. ఆ యుద్ధము పోవుటకు వేఱు కారణములును పెక్కు కలవు. అయినను అంతటి బలమైన విల్లు తడినేలపై నిరుపయోగమగుట చూడగా, శాస్త్రకారులు పాదముల గూర్చి అన్ని శ్లోకము లేల వ్రాసిరో తెలియును.

ఇక పిడికిలి. ఈ భాగమును కొంచెము నిదానముగా చదువగోరెదను, ఏలయన ముందు చెప్పబోవు విషయమంతయు దీనిమీద నిలిచియున్నది. నారిని పట్టుటకు వసిష్ఠసంహిత అయిదు ముష్టులు చెప్పును: పతాక, వజ్రముష్టి, సింహకర్ణము, మత్సరి, కాకతుండి. చూపుడువ్రేలు చాచి బొటనవ్రేలి మొదటికి ఆనించినది పతాక. బొటనవ్రేలు చూపుడువ్రేలికిని నడిమివ్రేలికిని మధ్య దూరినది వజ్రముష్టి. చూపుడువ్రేలి కొన బొటనవ్రేలి నడుమ నిలిచిన సింహకర్ణము, గోటి మొదట నిలిచిన మత్సరి, కొనయందు నిలిచిన కాకతుండి. అయిదింటిని మీ చేతితోనే చేసి చూడుడు. ప్రతి ముష్టికిని బొటనవ్రేలే ఆధారము. చూపుడువ్రేలు దానికి తోడు మాత్రమే. మన దేశమునను, తురుష్క దేశములలోను బొటనవ్రేలితో నారి లాగు పద్ధతి నడిచినది. మొగలాయీ ప్రభువులు ధరించిన పచ్చరాతి బొటనవ్రేలి ఉంగరములు ఈనాడు వస్తుప్రదర్శనశాలలలో ఆభరణములవలె మెఱయుచున్నవి గాని, వాని పుట్టుక నారి కోత తగులకుండుటకే.

లాగిన చేయి ఎచ్చట ఆగవలెను? దీనిని వ్యాయమందురు. అదియు అయిదు విధములు. జుట్టు మొదటికి లాగినది కైశికము, చెవివఱకు లాగినది వత్సకర్ణము, మెడవఱకు లాగినది భరతము, మూపువఱకు లాగినది స్కంధము. ఇవిగాక సాత్త్వికమని యొకటి. గట్టివస్తువును ఛేదించుటకు ఒకటి, దూరమునకు ఒకటి, ఇట్లు పనినిబట్టి విభాగము. మూలసూత్ర మేమనగా, చేయి ప్రతిసారియు ఒక్కచోటనే ఆగవలెను. నేటి గురువులు నారి ముక్కును గడ్డమును తాకునట్లు, చేయి దవుడక్రిందికి చేరునట్లు లాగుమని చెప్పుదురు. చోటు మాఱినది. సూత్రము మాఱలేదు. చేయి ఒకనాడు అంగుళము ముందు, ఒకనాడు అంగుళము వెనుక ఆగినచో కన్ను ఎంత చక్కగా చూచినను బాణము తన దారిని తాను పోవును.

ఇంగ్లండు దేశమున 1545లో రోజర్ ఆస్కమ్ అను పండితుడు విలువిద్యను గూర్చి టాక్సోఫిలస్ అను గ్రంథము వ్రాసి, నిలుచుట, నారికి బాణము తొడుగుట, లాగుట, పట్టి నిలుపుట, వదలుట అని అయిదు అంగములు విభజించెను. ఆయన యువరాణి ఎలిజబెత్తునకు గ్రీకు లాటిను చెప్పిన ఉపాధ్యాయుడు. అనగా మా వృత్తివాడే. మన శ్లోకములు ఆయన యెఱుగడు, ఆయన గ్రంథము మనవా రెఱుగరు. అచ్చటను మొదటిది కాళ్ళే. గురి అను పేర అంగమే లేదు.

మఱి గురి ఎప్పుడు? పాలిభాషలోని బౌద్ధసూత్రములలో ఒక ఉపమానము కలదు. విలుకాని శిష్యుడు మొదట గడ్డిబొమ్మమీదనో మట్టికుప్పమీదనో అభ్యసించి, అటుపిమ్మట దూరమునకు వేయువాడును, వేగముగా వేయువాడును అగునని. వసిష్ఠసంహితయు ములికి లేని బాణముతో పూవును కొట్టుట మొదటి మెట్టని చెప్పి, తరువాతనే ములికి పెట్టించును. నేటి మైదానమున మా మనుమరాలికి మూడు వారములు రబ్బరు పట్టీ లాగించి, పిమ్మట నాలుగడుగుల దూరమున వలయములు లేని ఉత్త గడ్డిదిమ్మకు బాణములు వేయించిరి. "రంగుల గురిబిళ్ళ ఎప్పుడు పెట్టుదురు?" అని పిల్ల ఏడ్చినంత పని చేసినది. గురిబిళ్ళ పెట్టిన మరుక్షణమున పిల్ల కన్ను దానిమీదికి పోవును. కాళ్ళు, పిడికిలి, చేయి ఆగవలసిన చోటు అన్నియు మఱచిపోవును. అందుచేత వానిని ముందు శరీరమునకు అలవాటు చేయింతురు. ద్రోణుని పరీక్షలో అర్జునునకు పక్షితల తప్ప వేఱేమియు కనబడలేదనగా, అతనికి తన పాదములను చూచుకొనవలసిన అవసరము లేకపోయెనని నే నిప్పుడు అర్థము చేసికొనుచున్నాను. ఆ భారతమే దానికి సాక్ష్య మిచ్చుచున్నది. ఒకరాత్రి భుజించుచుండగా గాలికి దీప మాఱిపోయినను చేయి తడబడక నోటికే పోవుట చూచి, అలవాటున్నచో చీకటిలోను పనిచేయవచ్చునని గ్రహించి, అర్జునుడు రాత్రులందు బాణములు వేయ నారంభించెను. నాకు పక్షికథకంటె ఈ అన్నపుకథ మీద ఎక్కువ మక్కువ. అమరసింహుడు బాణాభ్యాసమునకు 'ఉపాసన' యని పేరు చెప్పుట ఊరక కాదు.

అభ్యాసపు లెక్కలును ఆశ్చర్యకరములు. ఉదయాస్తమయములందు నాలుగువందల బాణములు వేయువాడు ఉత్తముడు, మూడువందలు వేయువాడు మధ్యముడు, రెండువందలు వేయువాడు కనిష్ఠుడు. గుఱుతు దూరము అఱువది ధనువులు ఉత్తమము, నలువది మధ్యమము, ఇరువది కనిష్ఠము. ధనువు నాలుగు మూరలని పైన చెప్పితిని గదా. మూర పదునెనిమిది అంగుళములైనచో నలువది ధనువులు సుమారు 73 మీటర్లగును. నేడు ఒలింపిక్ క్రీడలలో గుఱుతు దూరము 70 మీటర్లు. ముందు ఎడమచేతితో లాగుట అలవాటు చేసికొని పిదప కుడిచేతికి మాఱినచో విద్య త్వరగా పట్టుబడునని మఱియొక సూచన. దీనిని మా గురువునకు చెప్పగా ఆయన తల గోకికొని, మంచిదే గాని రెండు రకముల విండ్లు కొనవలసివచ్చునని యనెను.

ఇంతవఱకు శాస్త్రము చెప్పినది శరీరమును గూర్చి. అందు తప్పుపట్టదగినది నాకు కనబడలేదు. ఇకమీద చెప్పునది మనుష్యులను గూర్చి.

అగ్నిపురాణము ధనుర్వేదమునకు గురువు విప్రుడనియు, శిష్యులు రెండు వర్ణములవారనియు చెప్పి, శూద్రునకు యుద్ధాధికారము ఆపత్కాలమునకు పరిమిత మొనర్చెను. దానివెంటనే, దేశమందలి సంకరజాతులవారు యుద్ధమున రాజునకు సాయపడవలెనని విధించెను. అనగా నేర్చుటకు పిలుపు లేనివారికి చచ్చుటకు పిలుపు కలదు. వసిష్ఠసంహిత మఱియొక పంపకము చేసినది: బ్రాహ్మణునకు విల్లు, క్షత్రియునకు కత్తి, వైశ్యునకు ఈటె, శూద్రునకు గద. ఈ పంపకము చొప్పున చూచినచో శ్రీరామచంద్రుని చేతిలో విల్లెట్లుండెనో నాకు బోధపడదు. ఆ గ్రంథమే లోభికి, ధూర్తునకు, కృతఘ్నునకు, మందబుద్ధికి విద్య యీయరాదనెను. మొదటి ముగ్గురిని నేను ఒప్పుకొందును. నాలుగవవానిని గూర్చి మాత్రము ముప్పదినాలుగేండ్లు బడిలో గడిపిన నేను అంత తేలికగా తీర్పు చెప్పలేను.

ఏకలవ్యుని కథ మీకు తెలియును. నిషాదరాజగు హిరణ్యధన్వుని కొడుకు. ద్రోణుడు తన యితరశిష్యులను తలచి అతనిని చేర్చుకొనలేదు. అడవిలో మట్టితో గురువు ప్రతిమ చేసికొని అభ్యసించెను. మొఱుగుచున్న కుక్కనోటిలో ఏడు బాణములు నాటెను. పిదప గురుదక్షిణగా కుడి బొటనవ్రేలు కోసి యిచ్చెను. పైన చెప్పిన అయిదు ముష్టులను మరల జ్ఞప్తికి తెచ్చుకొనుడు. బొటనవ్రేలు పోయినచో అయిదును పోయినవి. ద్రోణుడు అడిగినది ఒక వ్రేలు కాదు, ఆనాటి విద్య సర్వస్వము.

ఇప్పుడు నా తప్పొకటి చెప్పవలెను. చాల యేండ్ల క్రిందట మన్యపు సరిహద్దున ఒక ఉన్నతపాఠశాలలో నేను పనిచేయుచుంటిని. ఎనిమిదవ తరగతికి ఏకలవ్యుని పాఠము చెప్పితిని. గురుభక్తినిగూర్చి నా ప్రసంగము ముగిసిన పిమ్మట, వెనుకబల్లమీది కొండరెడ్ల బాలుడొకడు లేచి "అయ్యగారూ, వేలు పోయినాక ఏకలవ్యుడేం చేశాడండీ?" అని యడిగెను. పాఠము అంతటితో ముగిసినదని చెప్పి కూర్చుండబెట్టితిని. కొన్నాళ్ళకు ఆటల పండుగ వచ్చెను. ఆ బాలుడు ఇంటినుండి వెదురువిల్లు, నాలుగు అమ్ములు తెచ్చి తానును వేసి చూపుదుననెను. అది ఆటల పట్టికలో లేదనియు, ఎవరికైన తగిలినచో మాటవచ్చుననియు నేనే విల్లును తీసి బీరువాలో పెట్టి తాళము వేసితిని. సాయంకాలము ఇచ్చివేయవచ్చు ననుకొంటిని. మఱచిపోతిని. ఆ వారము వాడు బడికి రాలేదు. ఆ తరువాతను రాలేదు. ఆ సంవత్సరాంతమున సామాను లెక్క చూచునపుడు విల్లు బీరువాలోనే యుండెను.

వాడడిగిన ప్రశ్నకు సమాధానము వ్యాసభారతమున స్పష్టముగా నున్నది. అది చూడక పాఠము చెప్పితినిగాని, చూచియుండిన చెప్పియుందును. వ్రేలు పోయిన పిమ్మట ఏకలవ్యుడు విల్లు విడిచిపెట్టలేదు. మిగిలిన వ్రేళ్ళతో నారిని లాగెను. మునుపటి వేగము లేకపోయినది, అంతే. నేడు ఒలింపిక్ మైదానమున నిలుచు విలుకాండ్రు నారిని చూపుడువ్రేలు, నడిమివ్రేలు, ఉంగరపువ్రేలు మూటితోనే లాగుదురు. బొటనవ్రేలు అరచేతిలోనికి ముడిచికొని యుండును. నా మనుమరాలికి మొదటిదినమున బొటనవ్రేలు నారికి తగులనీయకుమని గురువు చెప్పినపుడు నాకు ఆ వెనుకబల్లయే కన్నులలో మెదలినది.

వాకిలి మూసినవారు శాస్త్రకారు లొక్కరే కారు. తుపాకులు వచ్చిన తరువాత యుద్ధమున వింటికి పని తగ్గినది. ఆంగ్లప్రభుత్వము 1878లో చేసిన ఆయుధచట్టము ఆయుధములను నిర్వచించుచు తుపాకులు, కత్తులు, ఈటెలతోపాటు విల్లమ్ములను చేర్చినది. నగరములలో విద్య అడుగంటెను. నల్లమల చెంచులయందును, గోదావరి మన్యపు కోయ కొండరెడ్లయందును మాత్రము విల్లు వేటకు నిలిచినది. 1922 మొదలు 1924 వఱకు అల్లూరి సీతారామరాజు నడపిన మన్యపు పోరాటమున ఆ విండ్లును పాల్గొన్నవి. మనము పూలతో కట్టుకొన్న విద్యను నారితో నిలిపినవారు వారు.

1972లో మ్యూనిచ్ ఒలింపిక్ క్రీడలలో విలువిద్య మరల చేర్పబడినది. మఱుసటి సంవత్సరము మన దేశమున విలువిద్యా సమాఖ్య యేర్పడినది. 1980 దశకమున భారత క్రీడాప్రాధికార సంస్థ ఆదివాసి ప్రాంతములందు ప్రతిభను వెదకినపుడు రాజస్థానమున లింబారాము అను గిరిజన బాలుడు దొరకెను. వెదురువింటితో అడవిలో పెరిగిన ఆతడు 1988, 1992, 1996 సంవత్సరములలో మూడు ఒలింపిక్ క్రీడలకు పోయెను. 1991లో ప్రభుత్వ మతనికి అర్జున పురస్కార మిచ్చినది. ఏకలవ్యుని కులమువంటి కులమున పుట్టినవానికి అర్జునుని పేరిట పురస్కారము! గురువుల కిచ్చు పురస్కారమునకు ద్రోణుని పేరు పెట్టియున్నారు. ఈ పేర్లు పెట్టినవారు కథ చివరివఱకు చదివిరో లేదో. మన విజయవాడ బొమ్మదేవర ధీరజు 2024లో పారిస్ ఒలింపిక్ క్రీడలయందు మిశ్రమజట్టుతో నాలుగవ స్థానము పొందినాడు. అర్జునుడు తపస్సు చేసెనని స్థలపురాణము చెప్పు ఇంద్రకీలాద్రి క్రిందనే మరల విండ్లు మ్రోగుచున్నవనిన, మన ప్రాంతమునకు అది గౌరవమే.

సభవారికి నా విన్నపము. మన సంఘ విద్యార్థివసతిగృహము వెనుక ఉత్తరదక్షిణములుగా పొడవైన ఖాళీస్థలము కలదు. పోయినవారము నేను అడుగులతో కొలిచితిని. నలువది ధనువులు రావు గాని ఇరువది ధనువులు నిండుగా వచ్చును; కనిష్ఠమైనను శాస్త్రసమ్మతమే. గుఱుతును ఉదయము పడమటను, అపరాహ్ణమున తూర్పునను, ఎల్లవేళల ఉత్తరమునను పెట్టవచ్చుననియు, యుద్ధమునకు తప్ప దక్షిణమున పెట్టరాదనియు వసిష్ఠసంహిత చెప్పును. ఎండ కంట బడకుండుట దానిలోని కిటుకు. మన స్థలమునకు ఉత్తరమున ఎత్తైన గోడ యున్నది. దానిముందు గడ్డిదిమ్మలు పేర్చినచో సరిపోవును. పిల్లలు దక్షిణమున నిలుతురు. వారివెనుక ఎవరును నడువకుండ తడిక కట్టిన చాలును.

వసతిగృహము మనవారి పిల్లలకే యని నియమావళిలో నున్నది. దానిని మార్పుమని నేనడుగుట లేదు. మైదానమునకు మాత్రము ఆ నియమము వలదందును. వీధి కావలియందలి సంక్షేమ వసతిగృహమున మన్యపు పిల్లలు ఏబదిమందివఱకు కలరు. సాయంకాలము వారును వచ్చి నిలుచుటకు వీలుండవలెను. కార్యవర్గములో ఒకరిద్దరు పెద్దలు దీనికి ముఖము చిట్లించిరి. వారు నాకు చిరకాల మిత్రులు. ఈ పుటలలోనే వారికి సమాధానము చెప్పుకొంటిని. వారానికి మూడుదినములు వచ్చి నేర్పుటకు మా మనుమరాలి గురువు సమ్మతించినాడు. తేలికైన వెదురువిండ్లు ఆఱు, ముంజేతి తోలుపట్టెలు ఆఱు, గడ్డిదిమ్మలు రెండు, వీనికగు వ్యయము కనుగొని కార్యదర్శిగారికి వేఱుగా వ్రాసి పంపితిని. తోలుపట్టెలను మాత్రము మొదట కొనవలసినదిగా ప్రార్థించుచున్నాను.